రెండో టేక్ ఏడుపు

ఫిలింనగర్‌లో బ్యాంకు ఉద్యోగం అనగానే మా చుట్టాలందరికీ ఒకటే ఊహ. హీరోలు వచ్చి నా ఎదురుగా కూర్చుని చెక్కుల మీద సంతకాలు పెడుతుంటారని. పెళ్లిళ్లలో పక్కకు లాగి మరీ అడుగుతారు, ఈమధ్య ఎవరొచ్చారని. హీరోల పనులు చూడటానికి వేరే మనుషులుంటారు, మా దగ్గరికి వచ్చేది మేకప్ వేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు, గుంపులో నిలబడేవాళ్లు, తెరమీద కనబడకుండా గొంతు మాత్రం ఇచ్చేవాళ్లు అని చెబితే మొహం చిన్నబుచ్చుకుంటారు. నాకు మాత్రం నా ఖాతాదారులంటే ప్రాణం. ఆ ముక్క వాళ్లకు తెలియనివ్వను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా శాఖలో పేరు. ఆ పేరు ఉన్నందువల్ల పనులు కాస్త త్వరగా అవుతాయి.

నిజానికి ఆ కోపం తెప్పించేదీ వాళ్లే. సినిమా మనుషులకు ఒక అలవాటుంది. ఎవరో ఫోన్ చేసి ఫలానా ప్రొడక్షన్ నుంచి మాట్లాడుతున్నాం, ఆధార్, పాన్, ఒక క్యాన్సిల్డ్ చెక్కు, రెండు ఫొటోలు పంపండి అంటే చాలు, మీరెవరు బాబూ అని అడగరు. ఆటోలో కూర్చునే పంపేస్తారు. వాళ్లను అనీ లాభం లేదు, ఇక్కడ పని దొరికే పద్ధతే అది. పొద్దున ఫోన్ వస్తుంది, మధ్యాహ్నానికి వెళ్లాలి. కాగితాలు పంపడం కాస్త ఆలస్యమైతే ఆ వేషం ఇంకొకరికి పోతుంది. ఆడపిల్ల జాతకం కూడా అంతమందికి చూపించరు, ఆ పాన్ కార్డు చూపించినంత.

ఈ అలవాటు మాన్పించాలని నెలకో శనివారం, కౌంటర్లు మూసేశాక, శాఖలోనే చిన్న సమావేశం పెట్టేదాన్ని. బ్యాంకు పేరుతో మెయిల్ వస్తే అందులో లింకు నొక్కకండి. పంపినవాళ్ల చిరునామా చివరి అక్షరం దాకా చదవండి. సాయంత్రంలోగా వివరాలివ్వకపోతే ఖాతా మూసేస్తాం అని రాస్తే అది మేం కాదు, మేం ఏ పనీ సాయంత్రంలోగా చెయ్యమని మీకు తెలుసు కదా. ఇలా చెప్పేదాన్ని. వాళ్లు ఏసీ చల్లదనానికి కళ్లు మూసి, సమోసా రాగానే తెరిచేవాళ్లు. సోమవారం పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి, మేడమ్, మీ బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది, నొక్కాను, ఇప్పుడేం చెయ్యాలి అనేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుండేది నా పని.

ఆ రోజుల్లోనే ఆయన పరిచయమయ్యాడు. అరవై దాటిన డబ్బింగ్ కళాకారుడు. కోనసీమ వైపు మనిషి. తెరమీద ఎప్పుడూ కనబడలేదు కాని ఆయన గొంతు వినని తెలుగిల్లు ఉండదు. విలన్ పక్కనుండే వాళ్లకు, ఆపరేషన్ గదిలోంచి తల వంచుకుని వచ్చే డాక్టర్లకు, పక్క భాషల సినిమాల్లోంచి మన భాషలోకి వచ్చే తండ్రులకు ఆ గొంతే. తీరా మనిషి నోరు విప్పితే నత్తి. అది కూడా మామూలు నత్తి కాదు. మొదటిసారి, భార్యకు వీలుకాక ఒక్కడే వచ్చి, నా ఎదుట కూర్చుని ఏదో చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. నాకా ఓపిక తక్కువ. అడ్రస్ మార్చాలా, చెక్కుబుక్కా, పాస్‌బుక్కా, ఏటీఎం కార్డు పోయిందా అని వరసగా అందించాను. ఆయన అన్నీ ఓపిగ్గా విన్నాడు. నా దగ్గర మాటలు అయిపోయాక, తాను వచ్చింది డిపాజిట్ వేయడానికని నెమ్మదిగా చెప్పాడు. ఆ పూట నాకు సిగ్గేసింది.

మైకు ముందు మాత్రం ఆ నత్తి ఉండదట. ఎదుటివాడి మాటైతే తన్నుకుంటూ వస్తుంది, సొంత మాట దగ్గరే గొంతు పట్టేస్తుంది అని ఒకసారి ఆయనే చెప్పాడు. చిన్నప్పటి నుంచీ అంతేనట. అందుకే పనికి తప్ప ఎక్కడికెళ్లినా భార్యను వెంటబెట్టుకుని వెళ్తాడు. ఆవిడ మోతీనగర్‌లో పుట్టి పెరిగిన మనిషి. వేషాల కోసం వచ్చి వాళ్ల నాన్న ఇంట్లో గది కిరాయికి తీసుకున్న కుర్రాడు, నెలల తరబడి ఒక్క మాట కూడా మాట్లాడకపోతే, మూగవాడేమోనని జాలిపడిందట. జాలి పెళ్లిదాకా వెళ్లింది. బ్యాంకులో మాట్లాడేదంతా ఆవిడే, ఆయన పక్కన కూర్చుని తలాడిస్తాడు. అదేంటమ్మా అన్నీ మీరే చెబుతారని నేను ఆటపట్టిస్తే నవ్వేసి, "గొంతు ఆయనది, నోరు నాది బిడ్డా," అంది.

నా శనివారం సమావేశానికి ఆయన్ను దొంగగా పెట్టాలన్న ఆలోచన నాదే. దొంగ మాటలు నేను రాశాను. ఆయన మేనేజర్ గదిలో తలుపేసుకుని కూర్చుని హాల్లో ఉన్న స్పీకర్‌కు ఫోన్ చేశాడు. హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాను తల్లీ, మీ మేలు కోసమే అంటూ ఆ గొంతు హాలంతా పరుచుకుంది. మొదట అందరూ నవ్వారు. తరవాత నవ్వడం మానేశారు. ఆఖరికి, ఇది నాటకమని ముందే చెప్పినా, ఒక పెద్దావిడ లేచి తన ఫోన్‌లో ఎప్పుడో వచ్చిన ఓటీపీ నంబరు గట్టిగా చదివేసింది. అంత తియ్యగా అడిగితే ఎలా చెప్పకుండా ఉంటామని తరవాత నామీదే విసుక్కుంది. ఆ రోజు ఒక్కరూ నిద్రపోలేదు.

అప్పట్నుంచి సినిమావాళ్లంతా చేరే కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర ఆయన్ను దొంగగారూ అని పిలవడం మొదలైంది. ఆయనకూ ముచ్చటగానే ఉండేది. ఎందుకంటే అప్పటికే పనులు బాగా తగ్గాయి. కొత్త గొంతులు వచ్చాయి, మనిషి అక్కర్లేని యంత్రాల గొంతులు కూడా వచ్చాయి. నెలలో చాలా రోజులు ఇంట్లోనే ఉంటున్నాడని, పొద్దున లేచి ఎవరూ పిలవకపోయినా గొంతుకు మిరియాల పాలు తాగి కూర్చుంటాడని ఆవిడ చెప్పి నిట్టూర్చేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం కాకముందే ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆయన లేకుండా ఆవిడను చూడటం నాకదే మొదలు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి, డిపాజిట్ రసీదు పిడికిట్లో నలిపేస్తూ, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆయనకు యాక్సిడెంట్ అయిందట. ఆయన ఫోన్ పగిలిపోయి వేరేవాళ్ల ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ పంపాడట. అడ్వాన్స్ కడితే గాని ఆస్పత్రివాళ్లు చేర్చుకోరట. ఆవిడకు ఫోన్‌లోంచి డబ్బు పంపడం రాదు, అందుకని ఆటో ఎక్కి మా దగ్గరికి వచ్చింది. డిపాజిట్ మొత్తం తీసి ఆ వచ్చిన నంబరుకు పంపమంది.

మా శాఖలో నేను పెట్టిన నియమం ఒకటుంది. ఎవరైనా పరుగెత్తుకొచ్చి డబ్బు పంపాలంటే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలి. పరుగున వచ్చిన డబ్బు పరుగునే పోతుంది. ఇది సామెత కాదు, నేను కట్టుకున్నదే. సెక్యూరిటీ అతను గ్లాసు తెచ్చాడు, ఆవిడ ముట్టుకోలేదు. ఆ మెసేజ్ వినిపించమన్నాను.

ఫోన్‌లోంచి ఏడుపు వచ్చింది. అది ఆయన గొంతే. అందులో సందేహం లేదు. నేనే, ఆస్పత్రిలో ఉన్నా, కాలు కదలట్లేదు, నా ఫోన్ పగిలిపోయింది, అడ్వాన్స్ కట్టమంటున్నారు, ఈ నంబరుకు పంపు, నువ్వు కంగారుపడకు, ఎవరికీ చెప్పకు, నాకు భయంగా ఉంది అంటూ ఒక మగవాడు పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఇలాంటివి దొంగ ఫోన్లని ఊరందరికీ చెప్పే నేనే నమ్మబోయాను. ఆయన నంబరుకు చేస్తే స్విచాఫ్. ఏం చెయ్యాలో తోచక రూల్‌ను అడ్డం పెట్టుకున్నాను. అది ఇద్దరి పేర్ల మీదా ఉన్న డిపాజిట్, గడువుకు ముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలని చెప్పాను.

ఎప్పుడూ నన్ను బిడ్డా అనే ఆవిడ కళ్లెర్రజేసింది. "మనిషి పోతే నీ రూల్ ఏం చేసుకుంటవ్?" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది కాని కోపం రాలేదు. కనీసం ఏ ఆస్పత్రో చెప్పండమ్మా, నేనే మీతో వస్తాను, అక్కడే కడదాం అన్నాను. ఆస్పత్రి పేరు మెసేజ్‌లో ఉందేమోనని ఆవిడ మళ్లీ పెట్టింది. పేరు లేదు. మళ్లీ పెట్టి ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింది. విన్నాక ఫోన్ బల్లమీద పెట్టింది.

"బిడ్డా, గీయన ఏడ ఆగలే," అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. "నాతోని మాట్లాడేటప్పుడే ఆయనకు ఎక్కువ ఆగుతది. పెండ్లయినకాడ సంది గంతే. గింత సాఫ్‌గ నాతోని ఎన్నడు మాట్లాడలే. గొంతు మా ఆయనదే. మాట మా ఆయనది కాదు."

అంతవరకూ ఏడవని మనిషికి అప్పుడు కన్నీళ్లు వచ్చాయి. ఇది దొంగపని అయితే, మరి ఈయనేమైనట్టు? ఫోన్ ఎందుకు ఆపేశాడు? పొద్దున డబ్బింగ్ ఉందని చెప్పి వెళ్లాడట. ఫిలింనగర్ గుడి దాటాక సందులో థియేటరట. అది మా శాఖకు ఒక వీధి పైన. నేను కౌంటర్ పక్కవాళ్లకు అప్పజెప్పి ఆవిడ చెయ్యి పట్టుకుని బయల్దేరాను. ఆ ఎండలో, ఆ ఎత్తు రోడ్డు మీద, ఆవిడ నాకంటే ముందు నడిచింది. చెప్పులు బ్యాంకులోనే ఉండిపోయాయన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

డబ్బింగ్ థియేటర్లో ఫోన్ లోపలికి రానివ్వరు. గుమ్మం పక్కన ట్రేలో అందరివీ ఆపి పెట్టి ఉన్నాయి, అందులో ఆయనదీ ఉంది. ఆవిడ దాన్ని గుర్తుపట్టి రెండు చేతుల్లోకి తీసుకుంది. అద్దంలోంచి చూస్తే లోపల మైకు ముందు ఆయన. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెరమీద ఎవరో పెద్దమనిషి పేకాట గెలిచి విరగబడి నవ్వుతున్నాడు, ఆ నవ్వుకు ఈయన నవ్వు కలుపుతున్నాడు. పొట్ట పట్టుకుని, కాళ్లు ఎగరేసి, పెదవుల కదలిక తప్పకుండా నవ్వుతున్నాడు. ఆవిడ అద్దానికి చెయ్యి ఆనించి, నవ్వుతుండు చూడు ముసలోడు అని, అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పనిచేస్తుంటే చూడటం ఆవిడకు అదే మొదటిసారట.

ఆయన బయటికి వచ్చి మమ్మల్ని చూసి బెదిరిపోయాడు. నేను జరిగింది చెప్పి మెసేజ్ వినిపించాను. ఆయన తల ఒక పక్కకు వంచి, పనిలో వినేవాడిలాగే, చివరిదాకా విన్నాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఇ... ఇది రెండో టేక్," అన్నాడు.

ఆ తరవాత కాస్త కాస్తగా, ఆగుతూ, సంగతంతా బయటికొచ్చింది. కొన్నాళ్ల కిందట ఆయనకు ఒక మెయిల్ వచ్చింది. కొత్త వెబ్ సిరీస్ తెలుగు డబ్బింగ్, తండ్రి పాత్ర, మొదటి నుంచి చివరిదాకా ఉండే పాత్ర, మీ గొంతే కావాలని రాశారు. ఎన్నాళ్లయిందో ఆయనకు అలా ఎవరైనా రాసి. ఎప్పటిలాగే ఆధార్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు అడిగారు, పంపాడు. అత్యవసరమైతే చెప్పడానికి భార్య నంబరు, మీ గురించి తెలిసిన ఇద్దరు మిత్రుల నంబర్లు అడిగారు, పంపాడు. ఆడిషన్ కోసం ఒక డైలాగ్ పంపారు. తండ్రికి యాక్సిడెంట్ అయింది, పక్కవాళ్ల ఫోన్ నుంచి ఇంటికి మెసేజ్ పెడుతున్నాడు. భార్యతో చెప్పినట్టు ఒకసారి, స్నేహితుడితో చెప్పినట్టు ఒకసారి చేసి పంపమన్నారు. మాటకు మాట అదే. ఆయన ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని రికార్డు చేశాడు. మొదటిసారి చేసినదాంట్లో ఏడుపు పైపైన ఉందనిపించి, మిరియాల పాలు తాగి, మళ్లీ చేశాడు. రెండోది బాగా వచ్చింది. అదే పంపాడు. మర్యాదస్తుడు కాబట్టి మెయిల్ చివర ఒక ముక్క కూడా చేర్చాడు. మంగళవారం పొద్దున నేను థియేటర్లో ఉంటాను, ఫోన్ ఆపి ఉంటుంది, దయచేసి మధ్యాహ్నం తరవాత చేయండి అని.

మామూలుగా అయితే నా నోటికి అడ్డు ఉండదు. ఎన్ని శనివారాలు చెప్పాను, మీరే కదా దొంగ వేషం వేశారు అని ఎవరినైనా కడిగేసేదాన్ని. ఆయన్ను మాత్రం ఒక్క మాట అనలేకపోయాను. దొంగలకు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఆశ ఎక్కడుందో తెలిస్తే చాలు. ఏడుపు సరిగా రాలేదని రెండోసారి చేసి పంపిన మనిషిని తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అదే రోజు ఆయన కార్డు ఆపించాను, పాస్‌వర్డ్‌లన్నీ మార్పించాను, ఆయన పాన్ మీద ఎవరైనా అప్పు అడిగారేమో చూశాను, సైబర్ పోలీసులకు ఫిర్యాదు పెట్టించాను. బ్యాంకు తరఫున చేయగలిగిందంతా చేశాను. ఆయన అన్నిటికీ సంతకాలు పెట్టి, పెన్ను బల్లమీద పెట్టి, లేవకుండా కూర్చున్నాడు.

"కార్డు మా... మార్చారు. పాస్‌వర్డ్ మార్చారు. గొంతు ఎలా మా... మారుస్తారు మేడమ్?"

మా దగ్గర దానికి ఏ పద్ధతీ లేదు.

స్నేహితుడికి చెప్పినట్టు చేసినది కూడా వాడారు. అది యూసుఫ్‌గూడలో ఉండే ఒక మేకప్‌మన్‌కు వెళ్లింది. ఆయనకూ ఈయనకూ ఒకే సినిమాతో పని మొదలైంది. నత్తి లేకపోవడం ఆయనకు పట్టలేదు, ఏడుపు ఒక్కటే వినబడింది, వెంటనే పంపేశాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు. మేకప్‌మన్ ఈయన్ను తప్పుపట్టలేదు కాని, టీ కొట్ల దగ్గర మాటలు మొదలయ్యాయి. గొంతు ఆయనదేనట, ఆయనే ఇచ్చాడట, ఊరికే ఇస్తాడా, దొంగ వేషం కట్టడం అలవాటే కదా అని. మొన్నటిదాకా సరదాగా దొంగగారూ అన్నవాళ్లే ఆయన్ను చూసి మాట మార్చడం మొదలుపెట్టారు. ఆ బిరుదు ఆయనకు తగిలించింది నేనే కదా అని నాకు తిన్నది ఒంటబట్టేది కాదు.

తరవాత ఆవిడ వచ్చినప్పుడల్లా ఒక్కతే వచ్చేది. ఆయన పనికి పోవడం లేదట. పిలుపు వచ్చినా గొంతు బాగాలేదని చెప్పిస్తున్నాడట. టీవీలో తన గొంతు వస్తే ఛానల్ మారుస్తున్నాడట. ఇంట్లోనూ మాటల్లేవు, సైగలే. నిన్ను అంతగా ఏడిపించిన గొంతు, నీ ఎదురుగా ఎలా విప్పను అని చీటీ మీద రాసి చూపించాడట. చెబుతూ చెబుతూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన సంపాదన గురించి ఆవిడకు బెంగలేదు. అసలే ఆగి ఆగి వచ్చే ఆ నాలుగు మాటలూ ఇక రావేమోనన్నదే బెంగ.

నేను మోతీనగర్ వెళ్లాను. చిన్న ఇల్లు, గోడకు ఎవరి ఫొటోలూ లేవు. ఆయన కుర్చీ చూపించి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చాడు. ఈ శనివారం మీరొచ్చి జరిగింది చెప్పాలన్నాను. తల అడ్డంగా ఊపాడు. పోనీ నేను రాసిస్తాను, పాత్రలా చదవండి, నత్తి ఉండదు కదా అన్నాను. మళ్లీ అడ్డంగానే ఊపాడు. అంతే, నా కోపం నాకొచ్చేసింది. మీరు నోరు మూసుకుని కూర్చుంటే ఇక లోకంలో మీ గొంతు ఉండేది వాళ్ల దగ్గరే, అది వాళ్లదే అయిపోతుంది, సంతోషమేనా అని అరిచాను. వంటింట్లోంచి ఆవిడ తొంగి చూసింది. నేను మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను, దారిపొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ శనివారం హాలు నిండింది. విషయం అందరికీ తెలుసు. మేకప్‌మన్ కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. నేను మాట్లాడటం మొదలుపెట్టబోతుంటే అద్దాల తలుపు తోసుకుని దంపతులిద్దరూ వచ్చారు. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆయన మేనేజర్ గదివైపు వెళ్లలేదు. తిన్నగా వచ్చి అందరి ముందూ నిలబడ్డాడు. నేను మైకు అందిస్తే వద్దని పక్కకు పెట్టాడు. రాసుకొచ్చిన కాగితం లేదు.

ముందుగా తన పేరు చెప్పబోయాడు. మొదటి అక్షరం దగ్గరే పట్టేసింది. మెడ నరాలు తేలాయి, కళ్లు మూసుకుపోయాయి, పెదవులు ఆ అక్షరం మీదే కొట్టుకుంటున్నాయి. ఆ హాల్లో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. నా నాలుక చివరిదాకా వచ్చింది, అందించేద్దామని. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. నేను ఆగాను. అందరం ఆగాం. ఎవరూ దగ్గలేదు, ఎవరూ ఫోన్ చూసుకోలేదు. ఆఖరికి ఆ పేరు పూర్తిగా, ముక్కలు లేకుండా, బయటికొచ్చింది.

ఆ తరవాత మెయిల్ గురించి చెప్పాడు. ఏమేం అడిగారో, తానేమేం పంపాడో, ఎంత సంబరపడ్డాడో, రెండో టేక్ ఎందుకు చేశాడో అన్నీ చెప్పాడు. నేను పావుగంటలో చెప్పేది ఆయనకు చాలాసేపు పట్టింది. ఎవరైనా డైలాగ్ పంపితే ముందు ఆఫీసుకెళ్లి మనిషిని చూడండి, చూశాకే గొంతు ఇవ్వండి, కాగితాలు ఇవ్వండి అన్నాడు. పని పోతుందేమోనని భయపడతారు, నేనూ అలాగే భయపడ్డాను అన్నాడు. ఆ మాటకు చాలా తలలు కిందికి వాలాయి.

తరవాత మేకప్‌మన్ వైపు చూశాడు. "నేను నీకు ఫో... ఫోన్ చేస్తే ఇలాగే ఉంటుందిరా. ఎక్కడా ఆ... ఆగకుండా మాట్లాడితే, అది నేను కాదు. పె... పెట్టేయ్."

మేకప్‌మన్ కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు, ఆ నవ్వుకు హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అది సినిమాల్లో మేం విన్న నవ్వు కాదు, చిన్నగా, గొంతులోనే ఆగిపోయే నవ్వు. తరవాత మా వరస వైపు తిరిగాడు. భార్యను చూస్తూ ఏదో చెప్పబోయాడు. ఇందాక పేరు దగ్గర పట్టినంతకంటే గట్టిగా పట్టేసింది. ఆవిడ తొందరపడలేదు, కొంగు సర్దుకుని ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"నీ... నీతో అయితే ఇం... ఇంకా ఎక్కువ ఆగుతుంది," అన్నాడు.

"తెల్సు తియ్," అంది ఆవిడ. "నిమ్మళంగ చెప్పు. నేనేడికి పోత?"